పైపళ్ళు ముందొచ్చిన ఇల్లు

ఉయ్యూరు నుంచి మొదటి బస్సులో వచ్చిన మనిషి మా కొట్టు గుమ్మం ముందే చెప్పులు విడిచి నిలబడ్డాడు. మా బావతో పాటు పంచదార ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన. "మీ అత్తయ్యగారు తెల్లవారుతుండగా పోయారండి. మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మన్నారు," అన్నాడు. రోజూ నా సంగతులు రాసుకునే చిట్టా పుస్తకంలో నేను ఆ రోజు తేదీ మాత్రం వేశాను. కింద ఇంకా ఏమీ రాయలేదు. పుస్తకం మూసి, షావుకారుతో చెప్పి బయల్దేరాను. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఒకటి రెండు ముక్కల్లో పట్టే సంగతి కాదనిపించి వదిలేశాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్యగారంటే మా చెల్లెలి అత్తగారు. చెల్లెలి భర్త నాకు బావ కనుక, ఆయన తల్లి వరసకు నాకు అత్తయ్య. చుట్టరికం అంతవరకే. కానీ మా అమ్మా నాన్నా తొందరగా పోయారు. చెల్లెల్ని నేనే పెంచి పెళ్ళి చేశాను. దాన్ని ఆ ఇంటికి పంపాక నాకూ వెళ్ళడానికి ఒక ఇల్లంటూ ఏర్పడింది. ఆదివారం పొద్దున్నే విజయవాడలో బస్సెక్కేవాణ్ణి. వాళ్ళింట్లో భోంచేసి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవాణ్ణి. మిగిలిన ఆరు రోజులూ వన్‌టౌన్‌లో హోల్‌సేలు పప్పుల కొట్టులో గుమాస్తా పని, నా పుస్తకం, నేను.

ఆ ఇంట్లోకి ఎవరు వెళ్ళినా ముందు వాకిట్లో ఉన్న నీళ్ళ గోలెం దగ్గర ఆగాలి. గోలెం మీద చెంబు, పక్కన కొబ్బరి చిప్పలో సబ్బుముక్క ఉండేవి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నేరుగా మెట్లెక్కబోతే అత్తయ్యగారు ఆపారు.

"బస్సులో కడ్డీ పట్టుకున్నావా అబ్బాయ్?"

"లేదండి, సీటు దొరికింది."

"సీటు మాత్రం కడిగి ఇచ్చారా నీకు? మోచేతుల దాకా కడుక్కుని రా."

ఊళ్ళో పెద్దమనుషులు వచ్చినా అంతే. కొందరు నొచ్చుకునేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. ఇంట్లో చంటిపిల్లలు ఉన్నా లేకపోయినా అదే పద్ధతి. ఆవిడ గోళ్ళు వేలి కండ దాటి ఎప్పుడూ కనిపించేవి కావు. మంగళవారం గోళ్ళు తీయకూడదు, శుక్రవారం తీయకూడదు అని మిగతావాళ్ళు ఆగుతారు. ఆవిడ వారం చూసేవారు కాదు. పెరిగితే తీసేసేవారు. వీధిలో ఏ తల్లయినా పిల్లకి పళ్ళొస్తున్నాయి, ఏడుస్తోంది, చూడండి అని వస్తే, మొదట ఆ తల్లి చెయ్యి తిప్పి చూసేవారు. "ముందు నీ గోళ్ళు చూసుకో. తర్వాత దాని నోరు చూద్దాం," అనేవారు.

ఒకసారి నా చేతిలో పుస్తకం చూసి అడిగారు.

"నీకు చదువెవరు చెప్పారు?"

"ఎవరూ లేదండి. పొట్లాలు కట్టే కాయితాలు చదివి నేర్చుకున్నాను."

"నాకూ అంతే. నాకు పిల్లల పెంపకం ఎవరూ నేర్పలేదు. వాళ్ళని చూసి నేర్చుకున్నా," అన్నారు. ఆవిడకి సంతకం పెట్టడం కూడా రాదు. అయినా ఆ మాటతో ఇద్దరం ఒక బళ్ళో చదువుకున్నవాళ్ళమైనట్టు అనిపించింది నాకు.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆర్నెల్ల పాపగా ఉన్నప్పుడు నాకు కొండపల్లిలో పని పడితే, వచ్చేటప్పుడు ఒక చిన్న ఏనుగు బొమ్మ కొన్నాను. ఎర్ర అంబారీ, పసుపుపచ్చ గొలుసులు. పాప దాన్ని అందుకోవడంతోనే నోట్లోకి లాక్కుంది. అత్తయ్యగారు రెండు వేళ్ళతో తోక పట్టుకుని మెల్లిగా బయటికి తీశారు.

"బాగుందయ్యా ఏనుగు. కానీ దీనికి ఇంకా బొమ్మంటే తిండే. రంగు కడుపులోకి పోతుంది. కర్ర మెత్తన కదా, పీచు లేచి చిగుళ్ళకి గుచ్చుకుంటుంది. పళ్ళూ బుద్ధీ రెండూ వచ్చాక ఇద్దాం," అని గూట్లో పెట్టేశారు. నా ముఖం చూసి, "ఏనుక్కి తొందరేం లేదులే అబ్బాయ్, కూర్చుంటుంది," అన్నారు.

దానికి బదులు ఆవిడ పాపకి ఇచ్చింది ఒక గుడ్డముక్క. పాత పంచె చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసిన ముక్కలు ఒక డబ్బాలో ఉండేవి. కాచి చల్లార్చిన నీళ్ళు కూజాలో ఉండేవి. గుడ్డని ఆ నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, కొస ముడివేసి పాప నోటికి అందించేవారు. రెండో కొస ఆవిడ వేలికి చుట్టుకుని ఉండేది. పాప ఆ చల్లని ముడిని చిగుళ్ళతో నములుతూ ఉన్నంతసేపూ పొయ్యి మీద ఏం మాడినా లేచేవారు కాదు. గడ్డం కింద కారే చొంగని తుడవనిచ్చేవారు కాదు, అద్దమనేవారు. తుడిస్తే చర్మం ఒరుసుకుపోతుందట. అద్దాక కాస్త కొబ్బరినూనె రాసేవారు. "పన్ను దాని దారిన అది వస్తుంది. మనం చూడాల్సింది పన్నుని కాదు, పిల్లని," అనేవారు.

ఆ మాట మేమంతా మర్చిపోయిన నెల ఒకటి ఉంది. నేను ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది దాని కోసమే.

అది చెరకు సీజను. ఫ్యాక్టరీ ముందు రోడ్డు పొడవునా చెరకు బళ్ళు బారులు తీరి, ఊరంతా మడ్డి వాసన కొడుతుండేది. బావకి డ్యూటీతో తీరిక లేదు. అత్తయ్యగారు కూతురి పురిటికి గుడివాడ వెళ్ళారు. ఇంట్లో చెల్లెలూ, తొమ్మిదో నెల పాపా ఉన్నారు.

నేను వెళ్ళినప్పుడల్లా చెల్లెలు పాపని చంకన వేసుకుని గుమ్మంలోకి ఎదురొచ్చేది. ఆ నెలలో ఒక ఆదివారం ఒక్కతే వచ్చింది. "పాప పడుకుంది అన్నయ్యా," అంది. సరే అనుకున్నాను. తర్వాతి ఆదివారం కూడా "పడుకుంది" అంది. మూడో ఆదివారం నేను లోపలికి వెళ్ళబోతే గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, నేల చూస్తూ అంది.

"నువ్వొక రెండు నెలలు రాకన్నయ్యా. నేనే కబురు చేస్తాలే."

నేనేమీ అడగలేదు. అడిగే స్వభావం కాదు నాది. బావకి నా మీద ఏమైనా కోపమా, నేను తరచు రావడం వాళ్ళకి భారమైందా అని మనసులోనే వెతుక్కున్నాను. నాకు ఈ లోకంలో ఉన్నది అదొక్కతే. కాఫీ సగంలో వదిలేసి లేచాను. చెప్పులు వేసుకుంటుంటే వీధి గుమ్మంలో రిక్షా ఆగింది. అత్తయ్యగారు మూట చంకన పెట్టుకుని దిగారు.

"ఏం అబ్బాయ్, ఎండెక్కకుండానే పోతున్నావ్? పిల్లని ఎత్తుకున్నావా?"

"పడుకుందటండి."

ఆవిడ కదలకుండా నిలబడి విన్నారు. లోపల్నుంచి సన్నగా మూలుగు వస్తోంది. నాకూ అంతవరకూ వినిపిస్తూనే ఉంది. కానీ చెల్లెలి మాట కాదనలేక విననట్టు కూర్చున్నాను.

"పడుకున్న పిల్ల ఇలా మూలగదు," అన్నారు. మూట అరుగు మీద పెట్టి, గోలెం దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, లోపలికి వెళ్ళి పాపని వెలుతురులోకి తీసుకొచ్చారు.

మూడు వారాలకి పాపని చూశాను. బుగ్గలు జారిపోయాయి. పెదవులు ఎండి ఉన్నాయి. ఏడవడానికి నోరు తెరిచి, నొప్పికి మళ్ళీ మూసేసుకుంటోంది.

"రొమ్ము పట్టి ఎంతసేపయింది?"

"నిన్న మధ్యాహ్నం నుంచి సరిగా పట్టట్లేదండి," అంది చెల్లెలు.

అత్తయ్యగారు పాప మెడ మీద చెయ్యి వేసి చూశారు. "ఒళ్ళు కాలట్లేదు, నయం," అని, చిటికెనవేలితో పెదవి ఎత్తారు. పై చిగురులో రెండు తెల్లని గీతలు తేలి ఉన్నాయి. తర్వాత కింది పెదవి దించారు. కింది చిగురు మీద పన్ను జాడ లేదు. చిగురు మాత్రం ఎర్రగా చెక్కుకుపోయి ఉంది.

"కింద ఎవరు గీరారు?"

చెల్లెలు వంగి పాప గడ్డం అద్దబోయింది.

"అడుగుతున్నా నిన్నే అమ్మాయ్. ఎవరు?"

"నేనేనండి."

"దేంతో?"

"వడ్లగింజతో."

పైపళ్ళు ముందొస్తే మేనమామకి గండమని మా వైపు అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే, నేనెప్పుడూ పట్టించుకోలేదు. చెల్లెలు పట్టించుకుంది. పాపకి పై చిగురు ఉబ్బడం చూసి భయపడింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఎదురింటావిడతో చెప్పుకుంది. కింది చిగురుని వడ్లగింజతో రోజూ కాస్త గీరితే కింది పన్ను ముందు పడుతుంది, అంతవరకూ మేనమామ కంట పిల్ల పడకుండా చూసుకో అని ఆవిడ చెప్పిందట. అదీ జరిగింది. మూడు వారాలు అది నన్ను దూరం పెట్టింది నా ప్రాణం కోసమని నాకు అప్పుడు తెలిసింది.

"నాకు అన్నయ్య ఒక్కడే కదండీ," అంది చెల్లెలు. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అంది. "మీ ఇంట్లోనే జరిగిందిగా, అత్తయ్యగారూ."

 జరిగిన సంగతి నాకూ కొంచెం తెలుసు. మా బావకి చంటితనంలో పైపళ్ళే ముందొచ్చాయి. ఆ ఏడాదే అత్తయ్యగారి అన్నగారు కాలవలో పడి పోయారు. ఆ తర్వాత పుట్టింటివాళ్ళు ఆవిడని గడప తొక్కనివ్వలేదు. మేనమామని మింగినవాడని బావని చుట్టాలు వెనకాల అనుకునేవారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. చెల్లెలు మొదటిసారి ఎత్తింది.

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. పాపని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు.

"మా అన్నయ్య ఆఖరిసారి వచ్చినప్పుడు నేనూ ఇదే చేశా. మా వాడికి పైపళ్ళు కనిపిస్తున్నాయని, మూతి మీద కొంగు కప్పి లోపల పడుకోబెట్టా. 'పడుకున్నాడన్నయ్యా' అన్నా. నువ్వన్న మాటే. వాడు ఆ అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. తెచ్చిన గిలక్కాయ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకి కాలవలో ఎద్దుల్ని కడుగుతూ కాలు జారాడు. ఈత రాదు వాడికి. నేను దాచానుగా మరి? చూపించలేదుగా? ఎందుకు పోయాడు?"

చెల్లెలు ఏడుస్తోంది.

"దాచి నేను బావుకున్నది ఇంతే. మా అన్నయ్య నా కొడుకుని ఎత్తుకోకుండా పోయాడు. పాతికేళ్ళుగా అదొక్కటే కూర్చుని ఉంది నా గుండెల్లో. నీకు కూడా అది ఉండాలా?" అని, నా వైపు తిరిగారు. "చెప్పులు విప్పు అబ్బాయ్. చేతులు కడుక్కో."

కడుక్కున్నాను. చూపుడువేలు పట్టుకుని చూసి, గోరు బ్లేడుతో కండ దాకా తీసేశారు. మళ్ళీ కడగమన్నారు.

"సిరా పోవట్లేదండి."

"సిరా నేనేం చేసుకుంటా? గోరు కింద మట్టి పోయిందా లేదా?"

మూడోసారి కడిగాక అరుగు మీద కూర్చోబెట్టి పాపని నా ఒళ్ళో పెట్టారు. వేలు పై చిగురు మీదే ఉంచాలి, కింద తగలకూడదు. "నొక్కు, రుద్దకు. అది ఎంత గట్టిగా నొక్కమంటే అంతే. అదే చెబుతుంది నీకు," అన్నారు. నేను చెరకు రసం గ్లాసు అయినా తొణక్కుండా పట్టుకోలేనివాణ్ణి. మెల్లిగా వేలు పెట్టాను. రెండు బియ్యం నూకలు తగిలినట్టు తగిలాయి. పాప ఒక్కసారి ఉలిక్కిపడి, కళ్ళు విప్పి నా ముఖం చూసి, నా వేలిని చిగుళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. మూలుగు ఆగింది.

చెల్లెలు గుమ్మంలో కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది.

"కళ్ళు తెరువమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు. "మీ అన్నకేం కాలేదు. వేలు కరిపించుకుంటూ కూర్చున్నాడు. చూడు, ముఖం ఎలా పెట్టాడో. నీ పెళ్ళిలో పెట్టాడు ఇలాంటి ముఖం."

చెల్లెలు ఏడుపులోనే నవ్వేసింది. అయినా మా పని అవలేదు. పాప పాలు తాగాలి. నాలుగున్నరకి బెజవాడ బస్సు ఉంది. అప్పటికి రొమ్ము పట్టకపోతే, ఈలోపల ఒళ్ళు వెచ్చబడినా సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోదామని ఆవిడ అప్పుడే చెప్పేశారు. గుడివాడ నుంచి తెచ్చిన మూట విప్పనే లేదు. దాంట్లోనే పాప గుడ్డలు నాలుగు సర్దించారు. రిక్షా అతన్ని నాలుగింటికి రమ్మన్నారు.

తర్వాత నాతో అన్నారు. "నువ్వు రోజూ రాసే మనిషివి కదా. దీని తిండి రాయి. ఎన్ని గుక్కలు, ఎప్పుడెప్పుడు, గుడ్డ తడిసిందా లేదా. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే మనం నీళ్ళు నమలకూడదు."

ఆ పుస్తకం నా దగ్గర ఉంది. ఆ పేజీలో ఇలా ఉంది:

"పదకొండు. ఉగ్గుగిన్నెతో తల్లిపాలు. మూడు గుక్కలు పోస్తే రెండు ఉమ్మింది. పదకొండుంబావు. నాలుగు గుక్కలు. ఉమ్మలేదు. పన్నెండు. ఏడుపు. వేలు పెట్టాను, ఊరుకుంది. చన్నీళ్ళ గుడ్డ కింది చిగురు మీద ఆనించారు. పన్నెండున్నర. ఆరు గుక్కలు. ఒకటి. పడుకుంది (నిజంగా). రెండుంబావు. గుడ్డ తడిసింది. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకున్నారు. రెండున్నర. పది గుక్కలు. మూడు. రొమ్ము దగ్గర పెడితే ఏడిచి తల తిప్పేసింది."

ఉగ్గుగిన్నె అంటే చిన్న ముక్కున్న గిన్నె. ఆ ఇంట్లో అది మా బావ తాగినది. దాని ముక్కుని పాప బుగ్గలోపలికి ఆనించి, కింది చిగురుకి తగలకుండా, ఒక్కొక్క గుక్కే జార్చేవారు ఆవిడ. ఒక గుక్క మింగేదాకా రెండోది పోసేవారు కాదు. ఆ చెయ్యి ఆ నాలుగైదు గంటల్లో ఒక్కసారి కూడా తొందరపడటం నేను చూడలేదు. మధ్యమధ్యలో నన్ను పిలిచి వేలు పెట్టమనేవారు. "ఆ నీ ఉద్యోగం నువ్వు చెయ్యి," అనేవారు.

మూడున్నరకి బావ డ్యూటీ దిగి వచ్చాడు. వాకిట్లో నన్ను చూసి, నా వేలు పాప నోట్లో ఉండటం చూసి, అక్కడే ఆగిపోయాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"కడుక్కుని రా," అన్నారు అత్తయ్యగారు కొడుకుతో. "నీ కూతురి పళ్ళు చూద్దువుగాని. నీకూ ఇవే ముందొచ్చాయి."

అంత మామూలుగా అన్నారు ఆ మాట. బావ చేతులు కడుక్కుని వచ్చి, వంగి, పాప నోట్లోకి చాలాసేపు చూశాడు. "బాగున్నాయమ్మా," అన్నాడు.  ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడేటప్పుడు పక్కకి చూడటం మానేశాడు. అంతకు ముందు పక్కకి చూసేవాడని కూడా నేను అప్పుడే గమనించాను.

నా పుస్తకంలో ఆ పేజీలో చివరి మాట ఇది: "నాలుగు దాటి పది నిమిషాలు. రొమ్ము పట్టింది." రిక్షా అతను అప్పటికే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అత్తయ్యగారు అతన్ని పంపలేదు. పాప రెండో వైపు కూడా తాగి, నిద్రపోయాక, అప్పుడు లేచి వెళ్ళి అతనికి మజ్జిగ ఇచ్చి, మర్నాడు పొద్దున రమ్మన్నారు. మర్నాడు ఊళ్ళోనే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పుండు చూపించారు. నేను రాసిన కాయితం కూడా చింపి ఇమ్మంటే, చింపడానికి మనసొప్పక పుస్తకమే వాళ్ళకిచ్చి వచ్చాను. డాక్టరుగారు అది చదివి, ఎవరు రాశారని అడిగారట. "మేనమామ," అని ఆవిడ చెప్పారట. ఆ విషయం చెల్లెలు చెబితే తెలిసింది. ఆవిడ నాతో చెప్పలేదు. మనిషి ఎదుటే పొగడటం ఆవిడకి రాదు.

ఎదురింటావిడని కూడా ఒక్క మాట అనలేదు. వారం తర్వాత పిలిచి, పాపని ఎత్తుకోమని ఇచ్చారట, ముందు చేతులు కడిగించి. కింది చిగురు చూపించి, "మానింది, చూశావా?" అని మాత్రం అన్నారట. ఎదురింటావిడకి ఆ మాటే చాలింది.

ఆ తర్వాత ఒక తమాషా జరిగింది. ఈ సంగతి వీధిలో పాకి, అత్తయ్యగారికి ఏదో శాంతి తెలుసని, మేనమామ వేలితో పిల్ల చిగుళ్ళు నొక్కిస్తే గండం పోతుందని ప్రచారమైంది. ఎక్కడెక్కడి పిల్లలకో పైపళ్ళు కనిపిస్తే మేనమామలకి కబుర్లు వెళ్ళేవి. వాళ్ళు భయపడుతూ వచ్చేవాళ్ళు. ఆవిడ వాళ్ళని గోలెం దగ్గర నిలబెట్టి, గోళ్ళు తీయించి, మూడుసార్లు కడిగించి, పిల్లని ఒళ్ళో పెట్టేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"శాంతి ఏమీ లేదని చెప్పెయ్యచ్చుగా అండీ?"

"ఎందుకు చెప్పాలి? శాంతి అనుకుంటే మూడుసార్లు కడుక్కుంటున్నారు. ఊరికే కడుక్కోమంటే ఒకసారి తడుపుకుంటారు," అన్నారు. అరుగు వైపు తిరిగి, "అన్నా చెల్లెలూ ఒక అరుగు మీద కూర్చుంటున్నారు కదా అబ్బాయ్. ఆ పూటకి అది చాలదూ?" అన్నారు.

అప్పుడు ఆవిడ తన అన్నగారు కూర్చున్న చోటు చూస్తున్నారు. గిలక్కాయ పెట్టి వెళ్ళిన చోటు. అందుకే ప్రతి మేనమామనీ ఆవిడ సరిగ్గా అక్కడే కూర్చోబెట్టేవారని నాకు అప్పుడు తట్టింది. మొదట నన్ను కూర్చోబెట్టిందీ అక్కడే.

పాపకి ఇప్పుడు ఏడో ఏడు. బడికి వెళ్తోంది. ఏనుగు ఎప్పుడో గూట్లోంచి దిగింది, ఒక చెవి కూడా పోయింది. ఆఖరి నెలలో అత్తయ్యగారు మంచం మీద ఉన్నప్పుడు నేను ఒక ఆదివారం వెళ్ళాను. ఆవిడకి పళ్ళు అప్పటికే లేవు. జ్వరానికి నోరు పూసి చిగుళ్ళు మంట పుట్టి, గంజి కూడా తాగలేకపోతున్నారు. పాప గోలెం దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చేతులు ఆవిడ ముందు చాపి గోళ్ళు చూపించి, ఉగ్గుగిన్నెతో గంజి పడుతోంది. బుగ్గలోపలికి ఆనించి, ఒక్కొక్క గుక్కే. మింగేదాకా ఆగి. నేర్పినదెవరో అడగనక్కర్లేదు.

నన్ను చూసి అత్తయ్యగారు గిన్నె పక్కకి జరపమని సైగ చేశారు. "నీ మేనకోడలు నాకు పళ్ళొస్తున్నాయంటోంది అబ్బాయ్. పైవా కిందివా చూడు," అన్నారు. నేను నవ్వలేకపోయాను. "నువ్వు రాసే పుస్తకంలో రాసుకో. ఎనిమిది గుక్కలు తాగాను ఇవాళ," అన్నారు. రాసుకున్నాను. అదే నేను ఆవిడతో మాట్లాడిన ఆఖరి రోజు.

పెద్దకర్మ నాడు చుట్టాలంతా భోంచేసి లేస్తున్నారు. ఆవిడ పుట్టింటి నుంచి కూడా ఇద్దరు వచ్చారు. ఎన్నో ఏళ్ళకి వచ్చినవాళ్ళు. గోలెం దగ్గర ఏం చేయాలో తెలియక నిలబడితే బావే చెంబు అందించాడు. నేను అరుగు మీద ఆ పాత చోటులోనే కూర్చున్నాను. పాప మూతి గట్టిగా బిగించుకుని వచ్చి నా చొక్కా లాగింది. గుప్పిట విప్పింది. పన్ను. వారం రోజులుగా ఊగుతున్న పై పన్ను. మొదట వచ్చిన రెండింట్లో ఒకటి. ముందొచ్చింది కనుక ముందు ఊడింది.

"నాయనమ్మ చెప్పింది, ఇది మావయ్యే వెయ్యాలని. ఇంటి మీదకి," అంది.

"ఎప్పుడు చెప్పింది?"

"ఊగడం మొదలెట్టినప్పుడు." కాస్త ఆలోచించి, "ముందు చేతులు కడుక్కో మావయ్యా," అంది.

కడుక్కున్నాను. అది నా చూపుడువేలు పట్టుకుని తిప్పి చూసింది. గోరు సరిగానే ఉన్నట్టుంది, వదిలేసింది. పన్ను నా అరచేతిలో పెట్టింది. అప్పుడు వేలికి నూకగింజంత తగిలినది ఇంతయింది. వాకిట్లోకి దిగి, పెంకుల మీదకి విసిరాను. టిక్కుమని ఒక పెంకు మీద పడి, కిందికి దొర్లి, మళ్ళీ ఏదో సందులో ఆగింది.

గుమ్మంలో మా చెల్లెలు నిలబడి ఉంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తోంది.

పాప ఎండకి కళ్ళు చికిలించి, తల వెనక్కి వాల్చి, పన్ను ఎక్కడ ఆగిందో అని కప్పు వంక వెతుకుతోంది. నోరు బారుగా తెరుచుకుని ఉంది. ఎవరూ కొంగు కప్పలేదు. ఊడిన పంటి సందులో ఎర్రటి చిగురు, దాని మీద సాయంత్రపు ఎండ.